రెండింతల విత్తనం

1. పెళ్లలు కోసిన రోజు

పొలం నాలుగు మూలల్లో నాలుగు మట్టిపెళ్లలు కోశాను. గడ్డి చెదరకుండా, వేళ్లతో సహా, కూర్చునే పీటంత వెడల్పున. ఏటా కోసేదాన్నే, అయినా ఏటా ఎవరో ఒకరు పక్కన నిలబడి "ఇంకాస్త లోతుగా తాయారూ" అంటారు. ఈసారి ఆ పుణ్యం మా మరిది భుజంగం కట్టుకున్నాడు. గిడ్డంగి చూసుకునే మనిషికి పొలం మీద పెత్తనం ఎందుకో నాకు అర్థం కాదు.

పెళ్లల అడుగున నూనె, తేనె, పులిసిన పిండి, గాలికి అడ్డంగా ఊరంతటికీ వేసుకున్న మన పందిరి కింద పాలిచ్చే ప్రతి పశువు పాలు, పేరు తెలిసిన ప్రతి మొక్క నుంచీ ఒక ఆకు వేయాలి. మీద మూడుసార్లు నీళ్లు చిలకరించాలి. ఆ తర్వాత పెళ్లల్ని ఓడ గదిలోకి, అంటే మా పెద్దలు వచ్చిన ఓడలో మిగిలిన గదిలోకి మోసుకెళ్లి, పచ్చగా ఉన్న వైపును దీపానికి చూపించి, మంత్రం చదివి, పొద్దుగుంకేలోపు ఎక్కడివక్కడ పెట్టేయాలి. ఇక్కడ పొద్దుగుంకడమంటే మాటలు కాదు. రెండు నిద్రలు తీసి లేచినా ఎండ అలాగే ఉంటుంది. అందుకని వంతులవారీగా పడుకుంటూ చేస్తాం.

దీన్నే పొలం మందు అంటాం. మా పెద్దలు చుక్కలు దాటి ఈ నేల మీద దిగేసరికి ఓడ యంత్రాల జ్ఞాపకమంతా కాలిపోయి, తెచ్చుకున్న పుస్తకాల్లో ఒకే ఒక్కటి మిగిలిందట. పాత భూమి మీద, ఇంగ్లీషువాళ్ల దీవిలో, వెయ్యేళ్లకు పైగా వెనక ఆంగ్లో సాక్సన్లనే జనం చేసుకున్న నాటువైద్యాలు, నమ్మకాలు అందులో ఉన్నాయి. ప్రయాణికుల్లో ఎవరో పంతులుగారు ముచ్చటపడి తెలుగులోకి మార్చుకున్నారు. కడుపునొప్పికి, లేచిపోయిన తేనెటీగల్ని వెనక్కి పిలవడానికి, బీడుపడ్డ పొలానికి, అన్నిటికీ అందులో మందుంది. ఉన్నదాంతోనే బతికాం.

"పాలూ తేనే పులిసిన పిండీ పోస్తే మట్టికి ప్రాణం వస్తుంది వదినా. పాట పాడకపోయినా వస్తుంది" అంటాడు భుజంగం.

"అయితే ఒక ఏడు పాడకుండా చేసి చూద్దామా?" అన్నాను.

అతను మాట మార్చాడు. గత రెండు పంటలూ పలచగా వచ్చాయి. అలాంటప్పుడు ఎవరికీ ధైర్యం చాలదు.

నాగలి దగ్గర పాడే ఆ పాటలో ఒకచోట ఒక పేరును మూడుసార్లు పిలవాలి. ఆ పేరు ఎవరిదో, ఏమిటో పంతులుగారికీ తెలియలేదట. తెలియదని పక్కన రాసి పెట్టారు. ఆ పేరు దగ్గర నా గొంతు బాగా లేస్తుంది. అందుకే ఇన్నేళ్లుగా పాట నాకే ఇస్తున్నారు. ఈ మాట రాయడానికి సిగ్గేమీ లేదు.

నాగలి కట్టేముందు ఇంకో పని ఉంది. బిచ్చగాళ్ల దగ్గర ఊరూపేరూ తెలియని విత్తనం తీసుకోవాలి, తీసుకున్నదానికి రెండింతలు ఇవ్వాలి. పందిరి కింద అందరిదీ ఒకే గంజి కాబట్టి మాలో బిచ్చగాళ్లు లేరు. అందుకని బయటివాళ్లను పిలుస్తాం. రెండో ఓడలో వచ్చి, కప్పుకోవడానికి పందిరి దొరక్క, గాలి మైదానంలో మేకల్ని తోలుకుంటూ తిరిగే జనం వాళ్లు. ఆ ఒక్క పూట వాళ్లను బిచ్చగాళ్లని పిలుస్తాం. వాళ్లు ఏమీ అనుకోరు. అనుకుంటారేమోనని మేమూ ఎప్పుడూ అడగలేదు.

ఏటా ఓబుళమ్మ వస్తుంది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదై ఉంటుంది. కొంగున కట్టుకొచ్చిన పిడికెడు గింజలు ఇచ్చి, రెండు పిడికిళ్లు తీసుకుని, దారిలోనే వేయించుకుని తింటుంది. ఈసారి ఆమె వెనక ఆమె భర్త సుంకన్న రెండు బస్తాలు మోసుకొచ్చాడు.

"ఏంది తాయారమ్మా, అట్ల చూస్తాండావు" అంది ఓబుళమ్మ.

"ఇంత ఎక్కడిది?"

"ఏండ్ల తరబడి ఏరినాం. ఈ నేలన దానంతట అది మొలిచే నల్లజొన్న. మా కాడ ఉండేదంతా ఇదే. రెండింతలు ఇయ్యల్లని మీ పుస్తకంలో ఉండాది గదా. అందుకే అంతా తెచ్చేసినాం."

భుజంగం నన్ను నాగలి వెనక్కి లాక్కెళ్లాడు. "రెండు బస్తాలకి నాలుగు బస్తాలు. మన విత్తనాల జాడీల్లో ఉన్నదే అంతంతమాత్రం. అది కాస్తా ఇచ్చేస్తే మనం ఏం చల్లుకుంటాం వదినా, నీ పాటలా?"

"పోనీ ఒక బస్తాయే తీసుకుందాం."

"నల్లజొన్న చూశావా? గింజ ఎంత గట్టిగా ఉందో? మన జొన్న రెండేళ్లుగా మొలకే సరిగా రావట్లేదు. రెండు బస్తాలూ కావాలి."

అప్పుడు తిండిగింజలు ఇద్దామన్నది నేనే. భుజంగం కాదు. గిడ్డంగిలోకి వచ్చే తిండి జొన్నను పురుగు పట్టకుండా వేడిగదిలో వేస్తాం. బయటికి వచ్చాక గింజ నిగనిగలాడుతుంది, వండుకుంటే కమ్మగా ఉంటుంది, మట్టిలో వేస్తే మాత్రం రాయే. పుస్తకంలో రెండింతలు ఇవ్వాలనే ఉంది, మొలిచేవే ఇవ్వాలని లేదు. ఎలాగూ వాళ్లు వేయించుకు తినేవాళ్లేగా.

నాలుగు బస్తాలు కొలిచి ఇచ్చాం. సుంకన్న ఒక గింజ పంటి కింద పెట్టి చూసి, బాగుందన్నట్టు తలూపాడు. తర్వాత పాట పాడాను. అందరూ బాగా పాడానన్నారు.

2. మొలకలు

నల్లజొన్న మొలిచింది. మొలవడం కాదు, ఎగబడింది. మన జొన్న చల్లిన వైపు అక్కడొకటి ఇక్కడొకటి తలెత్తుతుంటే, నల్లజొన్న చల్లిన వైపు నేల కనబడటం లేదు.

పందిరి కింద అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. పాలు పితికే చోట నాకు ముందు చోటిస్తున్నారు. "పాట బాగా పనిచేసింది తాయారత్తా" అని ఒకమ్మాయి అంది. పనిచేసింది పాట కాదని చెప్పొచ్చు. చెప్పలేదు.

కుడి మోకాలు పట్టేసింది. మామూలు నొప్పి కాదు, ఉన్నట్టుండి పోటు. మా పుస్తకం ప్రకారం ఇలాంటి పోటును కంటికి కనబడని చిన్నవాళ్లు వేసిన బాణమంటారు. గొడ్డుకి తగిలినా మనిషికి తగిలినా అదే మాట. ఎవరు వేశారో తెలియదు గనక ఎవరి మీదా కోపం ఉండదు, అదొక సుఖం. అందరూ నాకు బాణం తగిలిందన్నారు. నేనూ అవునన్నాను.

పెళ్లలు కోసిన రోజున ఒక సంగతి రాయలేదు. మరిచిపోయి కాదు. బస్తాలు మేకల బండి మీదికి ఎక్కిస్తున్నప్పుడు ఓబుళమ్మ నాతో ఒక మాట అంది. "ఈ ఏడుతో తిరగడం సాలించుకుంటాం తాయారమ్మా. వాగు మలుపు కాడ మేం గూడా పొలం ఏస్తాం. నా కూతురు గంగులమ్మకి నెలలు నిండుతాండాయి, బిడ్డను ఎత్తుకొని ఎన్నాళ్లని తిరుగుతాం?"

బస్తాలు అప్పటికింకా సగమే ఎక్కాయి. ఆపడానికి కావలసినంత సమయం ఉంది. నేను "మంచిది, మంచిది" అన్నాను. రెండుసార్లు అన్నాను.

3. ఓబుళమ్మ వచ్చింది

మేకల చావడి దగ్గర చెత్త ఊడుస్తుంటే వచ్చింది. ఒక్కతే. మనిషి సగమైంది. చెంపలు లోపలికి పోయి, కళ్లు పెద్దవయ్యాయి. మన పొలం వైపు చూసింది.

"మా నల్లజొన్న భలే వచ్చినాది" అంది. కుళ్లు లేదు ఆ మాటలో. పక్కింటి బిడ్డ ఎదిగిందంటే ఎలా అంటారో అలాగే అంది.

"మీది ఎలా ఉంది?"

"మొలకెత్తలే."

చీపురు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"సగం ఏసినాం. ఒక్కటి గూడా తల ఎత్తలే. తవ్వి చూస్తే లోపలే కుళ్లిపోయినాది. సుంకన్న నేల బాగలేదంటాడు. నేల బాగానే ఉండాది. మందు ఏసిందాంట్లోనే యాడో తప్పు చేసినాం. మీరు చేసేది ఇన్నేండ్లూ చూసినా గానీ, బిచ్చగాళ్లను ఓడ గది లోపలికి రానియ్యరు గదా. ఆడ ఏం చదువుతారో నాకు తెలీదు. అదే అడగల్లని వచ్చినా. మేం ఏం తప్పు చేసినాం, చెప్పు తాయారమ్మా."

ఆమె చేసిందంతా వరసగా చెప్పుకొచ్చింది. పెళ్లలు ఎలా కోశారో, పాలు ఏ మేకవో, ఆ అర్థం తెలియని పేరును ఎలా పిలిచారో. ఆ పేరును నా ముందు పలికి కూడా చూపించింది. నేను పలికినట్టే, చివర నేను గొంతు లేపినట్టే లేపింది. ఒక్క అక్షరం తప్పు పోలేదు.

అప్పుడు చెప్పాలి. నోట్లో మాట కూడా సిద్ధంగా ఉంది. కానీ చావడిలో ఇంకో ఇద్దరు ఉన్నారు, పాలు పితుకుతూ. వాళ్లు లేకపోయినా చెప్పేదాన్నా అంటే ఇప్పుడు నాకు నమ్మకం లేదు.

"రొట్టె పెట్టారా?" అని అడిగాను.

మొదటి చాలు కింద అరచేయంత రొట్టె పెట్టాలి. పెట్టామంది.

"ఏ పిండితో?"

"రాగి పిండితో. ఉండేది అదే."

"అదే తప్పు. దొరికే ప్రతి రకం పిండీ కలపాలి. ఒక్క రకంతో చేస్తే నేల తీసుకోదు."

పుస్తకంలో అలాగే ఉంది, అబద్ధం కాదు. ఇలాంటి నిజాలు చెప్పడంలో నాకు మంచి నేర్పు వచ్చిందీమధ్య.

ఓబుళమ్మ ముఖం విప్పారింది. చూడలేకపోయాను. "అదే అనుకున్నా. మా తప్పే అని తెలుసు. ఇంకా రెండు బస్తాలు ఉండాయిలే, ఈతూరి సరిగా చేస్తాం."

"అంతవరకూ ఏం తింటున్నారు?"

"గడ్డలు తవ్వుకుంటాండాం. మేకలు వట్టిపోయినాయి. గంగులమ్మకు బిడ్డ పుట్టినాడు గానీ, పాలు పడలే."

"మరి జొన్నలున్నాయిగా, రెండు బస్తాలు" అన్నాను.

ఆమె నన్ను వింతగా చూసింది. "విత్తనం గదా తాయారమ్మా. విత్తనం తింటారా ఎవరైనా?"

నేను కుంటుతుండటం చూసి, వెళ్లేముందు కూర్చోబెట్టింది. దురదగొండి ఆకు లాంటిదేదో, ఇంకేవో రెండు ఆకులు సంచిలోంచి తీసి, మా వెన్న అడిగి కాచి, మోకాలికి రాసి, చాకు మొన నొప్పి ఉన్నచోట ఆనించి, బాణాన్ని బయటికి పొమ్మని గదమాయించింది. వెన్న మిగిలితే గిన్నె నాకే ఇచ్చేసింది. ఇంట్లో పసిబిడ్డ ఉన్న మనిషి.

ఆమె వెళ్లేసరికి నొప్పి తగ్గింది. ఏడుపొచ్చింది నాకు.

4. గిడ్డంగిలో

నా గంజి గిన్నె ముందు కూర్చుని అనుకున్నాను: ఇదే జొన్న, ఇదే వేడిగదిలోంచి వచ్చింది, వాళ్ల గుడారంలో రెండు బస్తాలు మూతి కట్టి ఉంది. దాని పక్కన కూర్చుని వాళ్లు చేదు గడ్డలు తింటున్నారు. బాలింత ఆకలితో ఉంది. నేను పాడు విత్తనం ఇచ్చానని ఒక్క మాట చెబితే ఈ పూటే అన్నం వండుకుంటారు. నా నోరు తెరవకపోవడమే వాళ్ల పస్తు.

భుజంగం దగ్గరికి వెళ్లాను. గిడ్డంగిలో కూర్చుని జాడీలకు బంకమట్టి పూస్తున్నాడు.

"జాడీల్లో విత్తనమేమైనా మిగిలిందా?"

"మిగిలింది చాలా కొంచెం. అది వచ్చే ఏటికి. ఎందుకు?" అన్నవాడు నా ముఖం చూసి ఆపాడు. "ఓ, ఆవిడ వచ్చి వెళ్లిందటగా."

"చెప్పేస్తాను."

"చెప్పి ఏం చేస్తావు వదినా? వాళ్లు నలుగురైదుగురు కాదు, మొత్తం గుంపు. కోపమొస్తే మళ్లీ ఈ పందిరి ఛాయలకి రారు. వచ్చే ఏడు మందుకి బిచ్చగాళ్లెవరు? పైగా చలిగాలి కాలానికి ఇంక ఎన్నో రోజులు లేవు. ఇప్పుడు మంచి విత్తనం ఇచ్చినా వాళ్ల పంట చేతికి రాదు. ఇక చెప్పి ఏం లాభం?"

"తింటారు కదా. చెబితే కనీసం ఆ జొన్న తింటారు."

అతను మట్టి చేత్తో నుదురు రుద్దుకున్నాడు. వాళ్లు తినడం లేదన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది. భుజంగం నోటి దురుసు మనిషే గానీ కసాయి కాదు. "వాళ్లు ఎలాగూ వేయించుకు తింటారన్నావుగా ఆ రోజు" అన్నాడు మెల్లగా.

"అన్నాను. కానీ బస్తాలు బండెక్కకముందే వాళ్లు చల్లుతారని తెలిసింది, తెలిసీ ఆపలేదు."

ఆ మాట అతనికి కూడా కొత్తే. మళ్లీ జాడీ వైపు తిరిగాడు. నేను కర్ర తీసుకుని బయల్దేరాను.

5. వాగు మలుపు

నేను వెళ్లేసరికి మందు వేయడం అయిపోయింది. నేను నేర్పినట్టే చేశారు. ఎవరెవరి గుడారంలోనో అడుగున మిగిలిన పిండి దులిపి, గడ్డల్ని ఎండబెట్టి దంచి, నల్లజొన్న తట్టల్లో ఇరుక్కున్న నాలుగు గింజలు గీరి, ప్రతి రకం పిండీ కలిపి రొట్టె కాల్చారు. అరచేయంత. అది మొదటి చాలు కింద ఉంది. మిగిలిన బస్తాల్లో ఒకటి పొలమంతా చల్లేశారు. ఇంకొకటి నాగలి మీద ఉంది.

సుంకన్న గట్టున పడుకుని ఉన్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. గంగులమ్మ ఒళ్లో పసివాడు ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"చూసి పోదామని వచ్చినావా?" అని ఓబుళమ్మ ఎదురొచ్చింది. "ఈతూరి ఒక్క తప్పు గూడా పోలే."

"తప్పు మీది కాదు" అన్నాను.

ఎలా చెప్పాలో దారంతా అల్లుకుంటూ వచ్చాను. పురుగు సంగతితో మొదలుపెట్టాలని, గిడ్డంగి కట్టుబాటు చెప్పాలని, రెండేళ్ల కరువు చెప్పాలని. అవేవీ నోటికి రాలేదు. "అది చచ్చిన విత్తనం. నిప్పుల వేడిలో వేసి తీసింది. ఎన్ని పాటలు పాడినా మొలవదు. నాకు తెలుసు. ఇచ్చినప్పుడే తెలుసు. మీరు చల్లుతారనీ తెలుసు" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు పని ఆపేశారు. ఓబుళమ్మ నన్ను కాదు, నాగలి మీద ఉన్న బస్తాను చూసింది. తిడుతుందనుకున్నాను. కొడుతుందేమో, కొట్టనీ అనుకున్నాను.

"అయితే తినొచ్చునా?" అంది.

"తినొచ్చు."

"మొన్న నేను అడిగిన రోజు గూడా తినొచ్చునా?"

"ఆ రోజూ తినొచ్చు. మొదటి రోజు నుంచీ తినొచ్చు."

ఆమె వెళ్లి బస్తా మూతి విప్పింది. ఎవరో పొయ్యి రాజేశారు. తర్వాత చాలు దగ్గరికి వెళ్లి, చేతులతో మట్టి తీసి, రొట్టెను బయటికి లాగింది. పైటకు తుడిచి, తుంచి, కూతురికి పెద్ద ముక్క, సుంకన్నకు ఇంకో ముక్క ఇచ్చింది. సుంకన్న తన ముక్కను తిరిగి గంగులమ్మ చేతిలో పెట్టడం నేను చూశాను.

చల్లిన గింజలు ఏరడానికి అందరూ చాళ్లలోకి దిగారు. నేనూ దిగాను. ఎవరూ వద్దనలేదు, రమ్మనీ అనలేదు. మోకాళ్ల మీద పాకుతూ ఒక్కో గింజా ఏరి కొంగులో వేసుకున్నాను. కొంగు నిండినప్పుడల్లా ఒకావిడ తట్ట తెచ్చి నా ముందు పెట్టేది, నా ముఖం చూడకుండా.

6. పెళ్లలు మళ్లీ

తిరిగి వచ్చి ఓడ గదిలో అందరి ముందూ చెప్పాను. ఆ గదిలో నా గొంతు అంత చిన్నగా ఎప్పుడూ వినబడలేదు. కొందరు తలలు దించుకున్నారు. కొందరు మన పిల్లలకైనా తిండి ఉండాలి కదా అన్నారు. పెద్దాయన చిదంబరయ్యగారు మాత్రం అడిగారు. "ఇచ్చిన మాట ప్రకారం వాళ్లకి మనం విత్తనం ఇవ్వాలి. ఇవ్వడానికి లేదు. ఉన్నా, మొలిచి పండే టైము లేదు. మరి ఏం చేద్దామంటావమ్మా?"

"మొలిచిందే ఇద్దాం" అన్నాను.

గదిలో గోల మొదలైంది. నేను ఆగి వినలేదు. పార తీసుకుని పొలంలోకి వెళ్లి, నల్లజొన్న ఒత్తుగా ఉన్నచోట మట్టిపెళ్ల కోశాను. పీటంత వెడల్పు, మొక్కలతో, వేళ్లతో సహా. ఏటా నాలుగు కోసేదాన్ని. ఈసారి నాలుగు చాలవు. పక్కన పెట్టి రెండోది కోశాను. మూడోది.

భుజంగం వచ్చి నిలబడ్డాడు. పార లాక్కుంటాడనుకున్నాను. లాక్కున్నాడు కూడా.

"అలా కోస్తే వేళ్లు తెగుతాయి వదినా. ఎన్నిసార్లు చెప్పాను, ఇంకాస్త లోతుగా అని. లే, పక్కకి జరుగు."

ఆ పని సాగినంతసేపూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. అందరూ రాలేదు. రానివాళ్లు తర్వాత చాలాకాలం నాతో మాట్లాడలేదు, వాళ్లను తప్పు పట్టను. నల్లజొన్న మొలిచిన వైపు సగం పొలం పెళ్లలు పెళ్లలుగా బండ్ల మీద వాగు మలుపుకి వెళ్లింది. మిగిలింది పలచగా, మేక కొరికిన దుప్పటిలా ఉంది. ఈ ఏడు మన గంజి కూడా అలాగే ఉంటుంది.

మలుపు దగ్గర బండ్లు దించుతుంటే ఓబుళమ్మ ఒక్కో పెళ్ల అడుగునా చేయి పెట్టి చూసుకుంది. వేళ్లు తెల్లగా ఉన్నాయా లేదా అని. అన్నీ చూసింది. ఒక్కటి కూడా వదల్లేదు.

7. ఓబుళమ్మ పొలం దగ్గర

ఒక పంట వచ్చి వెళ్లింది. వాళ్ల మలుపులో నల్లజొన్న చలిగాలికి కాస్త ముందే చేతికొచ్చింది. సుంకన్న మాత్రం కోత చూడలేదు. నేను పరామర్శకి వెళ్లి, కూర్చుని, ఎలా అడగాలో తెలియక అడిగేశాను. నా వల్లేనా అని.

"ఆకలికి పోయినాడో, వయసుకు పోయినాడో నేనేం చెప్పల్ల?" అంది ఓబుళమ్మ. "వాని ముద్ద వాడు ఎప్పుడూ తినలే. అంతే."

అంతకంటే చెప్పలేదు. నేను అడగలేదు. చెప్పకపోవడం దయో శిక్షో నాకు ఇప్పటికీ తెలియదు.

పందిరి కింద పాట ఇప్పుడు వేరే అమ్మాయి పాడుతుంది. పేరు దగ్గర గొంతు సరిగా లేవదు. అయినా పొలం పచ్చగానే ఉంది.

ఈసారి మలుపులో వాళ్ల మొదటి అసలు మందు. వాళ్లకీ బిచ్చగాళ్లు కావాలి కదా. మనలో ఎవరు వెళ్తారని చిదంబరయ్యగారు అడిగారు. ఎవరూ కదల్లేదు. బిచ్చగాళ్లనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆ నిమిషాన అందరికీ ఒక్కసారే అర్థమైనట్టుంది. నేను వెళ్తానన్నాను.

మన జొన్న పిడికెడు కొంగున కట్టుకుని వెళ్లి, వాళ్ల నాగలి ఎదుట నిలబడ్డాను. "బిచ్చగత్తె వచ్చినాది" అని ఎవరో పిలిచారు. ఏమీ అనుకోకూడదనుకున్నాను గానీ చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ ఓబుళమ్మ చెవులు కూడా వేడెక్కే ఉంటాయి.

పిడికెడు ఇచ్చాను. ఓబుళమ్మ రెండు పిడికిళ్లు ఇచ్చింది. కానీ కొంగులో పోయలేదు. తడిగుడ్డ మూట నా చేతిలో పెట్టి, ముడి తనే విప్పింది. లోపల నల్లటి గింజలు, ఒక్కో గింజ మొననా సన్నగా, తెల్లగా మొలక.

"చూసి తీసుకో తాయారమ్మా. బతికే ఉండాది."

గంగులమ్మ పక్కనే ఉంది. చంకలో పిల్లవాడు గింజల కోసం చేయి చాస్తున్నాడు, బొద్దుగా ఉన్నాడు. గుడ్డ తడి వేళ్ల మధ్యనుంచి కారుతోంది.

ఇకమీదట ఇచ్చేవాళ్లెవరైనా మొలక చూపించే ఇవ్వాలట. ఇది వాళ్ల కట్టుబాటు. మన పందిరి వాళ్లు కూడా ఒప్పుకున్నారు. కొత్తగా పాడే అమ్మాయి పాటలో ఒక చరణం కూడా కలిపింది, తడిగుడ్డ గురించి. ఆ తర్వాత ఒకసారి నేను మలుపులో ఉండగా ఒక చిన్నపిల్ల ఓబుళమ్మను అడిగింది, గుడ్డ ఎందుకు విప్పి చూపించాలవ్వా అని.

ఓబుళమ్మ ఒకసారి నా వైపు చూసింది. "అట్లే చేయల్ల. మందు అంటే అంతే" అంది.

నన్ను కాపాడింది. వెన్న గిన్నె తిరిగి ఇచ్చేసినట్టే. తల ఊపి ఊరుకోవచ్చు. ఇంకొన్నేళ్లయితే మనలో ఎవరికీ గుర్తుండదు, ఆ తర్వాత ఎవరో పంతులుగారు తెలియదని పక్కన రాసుకుంటారు. మూడుసార్లు పిలిచే ఆ పేరు కూడా ఇలాగే మిగిలిందేమో. ఏ కాలంలోనో, ఏ దీవిలోనో, నాలాంటి ఒకావిడ ఏదో చేసి ఉంటుంది. పక్కన ఉన్నవాళ్లు దయతలచి ఊరుకుని ఉంటారు.

నేను ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను.

"నా పేరు తాయారు" అన్నాను. "ఆ గుడ్డ నా వల్ల వచ్చింది. ఎలాగో చెబుతాను, విను."